రేడియో రికార్డింగ్‌కి ఏ సాఫ్ట్‌వేర్ మంచిది? చాలా ఏళ్ళు వాడాక నా రివ్యూ

షార్ట్‌వేవ్, మీడియంవేవ్ వినే మనలాంటి వాళ్ళు ఎక్కడ కలిసినా యాంటెన్నా సంగతి అయిపోయాక వచ్చే రెండో ప్రశ్న ఇదే, రికార్డింగ్ దేంట్లో చేస్తున్నారు అని. నేను రోజూ వాడేది ఆడాసిటీ, దాంతోపాటు కోతలకి ఎంపీత్రీ డైరెక్ట్‌కట్, ఎస్‌డీఆర్ డాంగిల్ (కంప్యూటర్‌నే రేడియోగా మార్చే చిన్న యూఎస్‌బీ రిసీవర్) పెట్టినప్పుడు హెచ్‌డీఎస్‌డీఆర్. మూడూ ఫ్రీయే. డబ్బు పెట్టి కొన్నవి కూడా వాడి చూశాను, ఒకదానికి లైసెన్స్ కంప్యూటర్ మార్చినప్పుడల్లా మళ్ళీ అడుక్కోవాల్సి వచ్చేది, వదిలేశాను.

అయితే సాఫ్ట్‌వేర్ ఎంచుకునేటప్పుడు నేను చూసేవి పాటలు రికార్డ్ చేసేవాళ్ళు చూసేవి కావు. వాళ్ళకి ఎఫెక్ట్‌లు, ట్రాక్‌లు కావాలి, బాగా రాకపోతే ఇంకోసారి పాడుకుంటారు. మనకి ఇంకోసారి అనేది లేదు. స్టేషన్ పేరు చెప్పే ఆ పది సెకన్లు (దాన్నే ఐడీ అంటాం) పోతే పోయినట్టే. రేడియో ఆస్ట్రేలియా షార్ట్‌వేవ్ 2017 జనవరి 31తో ఆగిపోయింది, బీబీసీ హిందీ షార్ట్‌వేవ్ 2020 జనవరి 31తో ఆగిపోయింది, ఆ చివరి రోజుల ప్రసారాలు ఎవరి దగ్గరైనా ఉన్నాయంటే ఆ పూట వాళ్ళ రికార్డర్ సరిగ్గా పనిచేసింది కాబట్టే ఉన్నాయి. అందుకే నాకు కావాల్సింది చెప్పిన టైముకి తనంతట తను మొదలవ్వాలి, మధ్యలో ఏమైనా అప్పటిదాకా పట్టుకున్నది పోకూడదు, ఏ నిమిషంలో ఏం వచ్చిందో తర్వాత చూసి చెప్పగలగాలి. మిగతావన్నీ ఈ మూడింటి తర్వాతే.

ఆడాసిటీలో టైమర్ రికార్డ్ అని ఉంది, షిఫ్ట్ పట్టుకుని టీ నొక్కితే వస్తుంది. ఎప్పుడు మొదలవ్వాలి, ఎంతసేపు, అయ్యాక ప్రాజెక్ట్ సేవ్ చెయ్యాలా, ఎంపీత్రీగా ఎక్స్‌పోర్ట్ చెయ్యాలా, కంప్యూటర్ షట్‌డౌన్ చేసెయ్యాలా, అన్నీ అక్కడే పెట్టుకోవచ్చు. తెల్లవారుజామున అయిదున్నరకి, అంటే 0000 యూటీసీకి (ప్రపంచమంతటా లెక్కకి వాడే టైము, మనకన్నా అయిదున్నర గంటలు వెనక), చాలా స్టేషన్లు ప్రసారం మొదలుపెట్టడమో ఫ్రీక్వెన్సీ మారడమో జరుగుతుంది కదా, నేను 5.25కే మొదలయ్యేట్టు పెట్టి పడుకుంటా. ఇది ఇన్నేళ్ళలో చక్కగా పనిచేసింది, కానీ ఒకసారికి ఒక్క టైమరే పెట్టగలం. ఉదయం ఒకటి, మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఒకటి అని వారం మొత్తానికి పెట్టుకుందామంటే కుదరదు. ఇంకో సంగతి, విండోస్‌లో స్లీప్ ఆపెయ్యకపోతే ఏ సాఫ్ట్‌వేర్ పెట్టినా లాభం లేదు, కంప్యూటర్ నిద్రపోతే టైమరూ నిద్రపోతుంది. పవర్ సెట్టింగ్స్‌లో ఛార్జర్ పెట్టి ఉన్నప్పుడు స్లీప్ నెవర్ అని పెట్టుకోండి, ల్యాప్‌టాప్ మూత వేస్తే ఏం చెయ్యాలో ఆ సెట్టింగ్ కూడా చూసుకోండి.

టైము గుర్తుల విషయంలో ఆడాసిటీని మించింది నాకు దొరకలేదు, దీని గురించి కొంచెం వివరంగా చెప్తా. ప్రిఫరెన్సెస్‌లో రికార్డింగ్ దగ్గర కొత్త ట్రాక్ పేరులో సిస్టమ్ డేట్, సిస్టమ్ టైమ్ పెట్టే ఆప్షన్లు ఉన్నాయి, ఆ రెండూ టిక్ చేస్తే రికార్డింగ్ ఏ సెకనుకి మొదలైందో ట్రాక్ పేరే చెప్తుంది. రికార్డ్ అవుతుండగానే కంట్రోల్ పట్టుకుని ఎమ్ నొక్కితే ఆ క్షణం దగ్గర ఒక లేబుల్ పడుతుంది, అందులో టైప్ చేసుకోవచ్చు. నేను చేసేది ఏంటంటే వింటూ వింటూ ఐడీ వచ్చింది, వార్తలు మొదలు, ఆడ గొంతు, భాష మలయాళమేమో, ఇక్కడ ఫేడింగ్ ఎక్కువ, ఇలా చిన్న చిన్న మాటలు కొట్టుకుంటూ పోతా. తర్వాత రిసెప్షన్ రిపోర్ట్ (స్టేషన్ మన దగ్గర ఎలా వినిపించిందో వాళ్ళకి రాసేది) రాసేటప్పుడు నోట్‌బుక్ అక్కర్లేదు, లేబుల్స్ పక్కన టైము కనిపిస్తూనే ఉంటుంది, మొదలైన టైముకి కలుపుకుంటే యూటీసీ వచ్చేస్తుంది. 5.25కి మొదలైన దాంట్లో ఏడో నిమిషం దగ్గర లేబుల్ ఉందంటే 5.32, అంటే 0002 యూటీసీ. పెద్ద రికార్డింగ్‌ని లేబుల్స్ ప్రకారం ముక్కలు ముక్కలుగా వేరే ఫైళ్ళ కింద ఒకేసారి ఎక్స్‌పోర్ట్ చెయ్యొచ్చు కూడా. కంప్యూటర్ గడియారం మాత్రం ఇంటర్‌నెట్‌తో సరిచేసి ఉంచుకోండి, గడియారమే రెండు నిమిషాలు అటూ ఇటూ అయితే రిపోర్టులో ఐడీ టైము తప్పు పడుతుంది.

క్వాలిటీ సెట్టింగ్స్ దగ్గర చాలామంది డిస్క్ అంతా వృథా చేస్తున్నారు. ఆడాసిటీ మామూలుగా సెకనుకి 44100 శాంపిల్స్, 32 బిట్ ఫ్లోట్‌లో వస్తుంది, దానికి స్టీరియో కూడా పెడితే గంటకి 1.27 జీబీ పోతుంది. షార్ట్‌వేవ్‌లో స్టేషన్లు 5 కిలోహెర్ట్జ్ దూరంలో, మనదేశంలో మీడియంవేవ్ 9 కిలోహెర్ట్జ్ దూరంలో ఉంటాయి, అంచేత రేడియోలోంచి వచ్చే ఆడియోలో 5 కిలోహెర్ట్జ్ పైన పనికొచ్చేది దాదాపు ఏమీ ఉండదు. 22050, 16 బిట్, మోనో పెట్టండి, గంటకి దాదాపు 159 ఎంబీ, ఏమీ నష్టపోరు. 11025 కూడా సరిపోతుంది, గంటకి 80 ఎంబీ లోపే, కానీ నేను కాస్త ఎడం ఉంచుకుంటా. ఎఫ్ఎమ్ రికార్డ్ చేసేవాళ్ళు మాత్రం 44100 లోనే ఉండండి, అందులో 15 కిలోహెర్ట్జ్ దాకా పాట ఉంటుంది. లెవెల్ గురించి, మీటర్ మైనస్ 12 డీబీ దగ్గర ఆడేట్టు పెట్టుకుంటే చాలు, ఎందుకంటే మే నెలలో సాయంత్రం ఎక్కడో ఉరుములు మొదలైతే ఒక్కో టపటపకి మీటర్ పైదాకా లేస్తుంది, ఆ చోటు వదలాలి.

కరెంటు సంగతి మనకి ముఖ్యం. రికార్డింగ్ మధ్యలో కరెంటు పోయి కంప్యూటర్ ఆగిపోతే ఆడాసిటీ మళ్ళీ తెరిచినప్పుడు రికవర్ చెయ్యాలా అని అడుగుతుంది, చాలాసార్లు ఆగిన చోటుదాకా మొత్తం తిరిగొస్తుంది. ఈ ఒక్కదానికోసమే దాన్ని అందరికీ చెప్తుంటా. పాత వెర్షన్లలో ప్రాజెక్ట్ అంటే ఒక ఫైలు, పక్కన ఒక ఫోల్డర్ నిండా చిన్న చిన్న ముక్కలు, ఆ ఫోల్డర్ పేరు మార్చినా చోటు మార్చినా ప్రాజెక్ట్ తెరుచుకునేది కాదు, 2021లో వచ్చిన 3.0 నుంచి అంతా ఒకే ఫైలు అయింది, పెన్‌డ్రైవ్‌లో వేసుకుని పోవచ్చు. నేరుగా వేవ్ ఫైలు రాసే చిన్న రికార్డర్లలో కరెంటు పోతే ఫైలు సైజు కనిపిస్తుంది కానీ ఏ ప్లేయరూ పాడదు, ఎందుకంటే మొదట్లో ఉండే హెడర్‌లో పొడవు రాయకుండానే ఆగిపోయింది. దాన్ని డిలీట్ చేసెయ్యొద్దు! ఆడాసిటీలో ఇంపోర్ట్, రా డేటా అని తీసుకుని 16 బిట్, లిటిల్ ఎండియన్, మోనో, ఏ శాంపిల్ రేట్‌లో రికార్డ్ చేశారో అది ఇస్తే మొదట్లో ఒక చిన్న టిక్కుమనే శబ్దం తప్ప మిగతా అంతా వచ్చేస్తుంది. ఇంకోటి, మామూలు వేవ్ ఫైలు 4 జీబీ దాటలేదు, 44100 స్టీరియో 16 బిట్‌లో ఆరున్నర గంటలు దాటితే ఆ గోడ తగులుతుంది. రాత్రంతా రికార్డింగ్ పెట్టేవాళ్ళకి మోనో ఎందుకు పెట్టమంటున్నానో ఇప్పుడు అర్థమయ్యుంటుంది.

శుభ్రం చేసే టూల్స్‌లో నేను నమ్మకంగా వాడేవి రెండే. ఒకటి నాచ్ ఫిల్టర్. పక్క స్టేషన్ వల్ల ఈల వేసినట్టు ఒకటే శబ్దం వస్తుంటే ట్రాక్‌ని స్పెక్ట్రోగ్రామ్‌లోకి (ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత శబ్దం ఉందో చూపే బొమ్మ) మార్చండి, ఆ ఈల అడ్డంగా ఒక తిన్నని గీతలా కనిపిస్తుంది, అది ఎన్ని హెర్ట్జ్ దగ్గరుందో చూసి నాచ్‌లో ఆ నంబర్ కొడితే గీత మాయం, గొంతు అలాగే ఉంటుంది. రెండోది లోపాస్ ఫిల్టర్, 4000 హెర్ట్జ్ దగ్గర పెడితే పైన ఉన్న హిస్సు తగ్గుతుంది. అందరూ ఎగబడే నాయిస్ రిడక్షన్‌తో మాత్రం జాగ్రత్త. ఫ్యాన్ శబ్దంలాగా ఒకే తీరుగా ఉండే రొదకి అది బాగుంటుంది, షార్ట్‌వేవ్ రొద సెకనుకో రకంగా మారుతుంది కాబట్టి గట్టిగా వేస్తే మనిషి నీళ్ళ కింద నుంచి మాట్లాడినట్టు వస్తుంది, ఐడీలో ఒక అక్షరం పోయినా మనకి నష్టమే. ఏం చేసినా కాపీ మీదే చెయ్యండి. స్టేషన్‌కి రిపోర్ట్‌తో పంపే క్లిప్ మాత్రం నేను అసలు ముట్టుకోను, అక్కడి ఇంజనీర్లకి కావాల్సింది మన దగ్గర సిగ్నల్ నిజంగా ఎలా ఉందనేది. ఒక నిమిషం ముక్క, మోనో, 48 కేబీపీఎస్ ఎంపీత్రీ, 360 కేబీ వస్తుంది, మెయిల్‌లో హాయిగా పోతుంది.

ఈ కోతకే ఎంపీత్రీ డైరెక్ట్‌కట్. ఎంపీత్రీని మళ్ళీ విప్పి మళ్ళీ కుట్టకుండా ఉన్నదాన్ని ఉన్నట్టే కోస్తుంది, అందుకని క్వాలిటీ ఏమాత్రం తగ్గదు, పాత నెట్‌బుక్‌లో కూడా క్షణంలో తెరుచుకుంటుంది.

సౌండ్ యాక్టివేటెడ్ రికార్డింగ్ గురించి చాలామంది ఆశగా అడుగుతారు, శబ్దం వచ్చినప్పుడే రికార్డ్ అవుతుందట కదా అని. ఆడాసిటీలోనూ ఉంది, కానీ షార్ట్‌వేవ్‌కి ఇది పనికిరాదు, స్టేషన్ లేనప్పుడు కూడా రొద ఉంటుంది కదా, అది ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది. స్క్వెల్చ్ (సిగ్నల్ లేనప్పుడు రొదని ఆపేసేది) ఉన్న రేడియోలో హామ్‌ల, అంటే సరదాగా రేడియోలో మాట్లాడుకునే లైసెన్స్ ఉన్నవాళ్ళ, వీహెచ్ఎఫ్ రిపీటర్ (వాళ్ళ మాటల్ని అందుకుని మళ్ళీ దూరానికి పంపేది) వినేవాళ్ళకి బ్రహ్మాండంగా ఉంటుంది, నాలుగు గంటల ఖాళీ తీసేసి మాటలు మాత్రమే మిగులుస్తుంది. అయితే ఖాళీ తీసేసినప్పుడు టైము లెక్క పోతుందని గుర్తుపెట్టుకోవాలి, ఏ మాట ఎన్నింటికి వచ్చిందో చెప్పలేం.

ఆడాసిటీ 2021లో మ్యూజ్ గ్రూప్ చేతికి వెళ్ళాక డేటా పంపిస్తుంది, స్పైవేర్ అయిపోయింది అని పెద్ద గొడవ అయింది, అప్పుడు నేనూ కొన్నాళ్ళు పాత వెర్షన్‌లోనే ఉండిపోయా. విపరీతంగా వ్యతిరేకత వచ్చేసరికి వాళ్ళు టెలిమెట్రీ (మన వాడకం వివరాలు పంపించే) ఆలోచన విరమించుకున్నారు, ప్రైవసీ పాలసీ కూడా మార్చి రాశారు. సోర్స్ కోడ్ ఇప్పటికీ జీపీఎల్ (ఎవరైనా చూసి వాడుకోగల ఫ్రీ లైసెన్స్) కిందే ఉంది, అప్‌డేట్ చెక్ ఆపేసుకునే ఆప్షన్ ఉంది, నెట్ లేకపోయినా రికార్డింగ్‌కి ఏ ఇబ్బందీ లేదు. నాకిప్పుడు ఏ అనుమానమూ లేదు.

ఎస్‌డీఆర్ వాళ్ళకి ఆట వేరు. హెచ్‌డీఎస్‌డీఆర్‌లో ఒక్క స్టేషన్ ఆడియో కాకుండా బ్యాండ్‌లో ఒక భాగం మొత్తాన్నే రికార్డ్ చేసి, తర్వాత తీరిగ్గా కూర్చుని ఆ టైముకి వెనక్కి వెళ్ళి ఏ ఫ్రీక్వెన్సీ కావాలంటే అది తిప్పుకుని వినొచ్చు. రాత్రి తొమ్మిదికి 738 కిలోహెర్ట్జ్‌లో హైదరాబాద్ విన్నాక అదే తొమ్మిదికి మళ్ళీ వెళ్ళి 927లో విశాఖ కింద ఇంకెవరైనా ఉన్నారా అని చూడొచ్చు, ఇది మామూలు రేడియోతో కలలో కూడా జరగదు. ఫైలు పేర్లోనే యూటీసీ టైము, సెంటర్ ఫ్రీక్వెన్సీ రాసుకుంటుంది, షెడ్యూలర్ కూడా ఉంది. దీనికి ధర డిస్కే. 192 కిలోహెర్ట్జ్ వెడల్పు 16 బిట్‌లో గంటకి 2.76 జీబీ, మీడియంవేవ్ మొత్తం కావాలని సెకనుకి 12 లక్షల శాంపిల్స్ పెడితే గంటకి 17 జీబీ పైనే. అందుకని గంట మారే ముందు రెండు నిమిషాలు, మారాక మూడు నిమిషాలు మాత్రమే పట్టుకుంటా, ఐడీలు వచ్చేది అప్పుడే.

ఇంత చెప్పినా సాఫ్ట్‌వేర్ కన్నా ముందు చూసుకోవాల్సింది వైరు. రేడియోకి లైన్ అవుట్ ఉంటే, సోనీ ఐసీఎఫ్ ఎస్‌డబ్ల్యూ 7600జీఆర్, టెక్సన్ పీఎల్ 880 లాంటి వాటికి ఉంది, అందులోంచే తీయండి, వాల్యూమ్ ఎంత తిప్పినా రికార్డింగ్ లెవెల్ మారదు. ఇప్పటి ల్యాప్‌టాప్‌లకి లైన్ ఇన్ ఉండట్లేదు, మైక్ సాకెట్‌లో నేరుగా పెడితే శబ్దం పగిలినట్టు వస్తుంది, లైన్ ఇన్ ఉన్న యూఎస్‌బీ సౌండ్ కార్డ్ ఒకటి తీసుకోండి. విండోస్ సౌండ్ సెట్టింగ్స్‌లో ఎన్‌హాన్స్‌మెంట్స్ అన్నీ ఆపెయ్యండి, అందులో నాయిస్ సప్రెషన్ ఉంటే బలహీనమైన స్టేషన్‌నే రొద అనుకుని నొక్కేస్తుంది. ఛార్జర్ పెడితే బుర్రుమని హమ్ వస్తుంటే ఛార్జర్ తీసి బ్యాటరీ మీద నడపండి, రాత్రంతా నడవాలంటే మధ్యలో ఆడియో ఐసొలేటర్ పెట్టండి.

లైనక్స్ తెలిసినవాళ్ళకి, ముఖ్యంగా రాస్‌ప్‌బెర్రీ పై అనే అరచేతంత కంప్యూటర్ ఉన్నవాళ్ళకి, ఆడాసిటీ టైమర్ లోటు తీరే దారి ఉంది. ఏరికార్డ్ (arecord) అనే చిన్న కమాండ్‌ని క్రాన్‌లో (చెప్పిన టైముకి కమాండ్లు నడిపే లైనక్స్ ఏర్పాటు) పెడితే రోజుకి ఎన్నిసార్లయినా, వారంలో ఏ రోజయినా తనే లేచి రికార్డ్ చేసి, తేదీ టైముతో పేరు పెట్టుకుని ఆగిపోతుంది. ఆ చిన్న కంప్యూటర్ తినే కరెంటు కూడా బాగా తక్కువ. నా రోజువారీ ఆకాశవాణి విజయవాడ 837 రికార్డింగ్ ఇప్పుడు దాని మీదే నడుస్తోంది. మాక్ వాళ్ళు ఆడియో హైజాక్ కొంటే సుఖం, షెడ్యూల్ అంతా అందులోనే ఉంటుంది.

చివరగా ఒకటి అడుగుతా. రేడియో సిలోన్‌లో వచ్చిన తెలుగు పాటల ప్రోగ్రాములు, 4800 కిలోహెర్ట్జ్‌లో హైదరాబాద్ షార్ట్‌వేవ్ ఇవన్నీ టేప్‌రికార్డర్‌లో పట్టుకున్నవాళ్ళు మన ఊళ్ళలో చాలామందే ఉన్నారు, ఆ కేసెట్లు అటక మీద బూజు పడుతున్నాయి. ఇంట్లో ఉంటే హెడ్‌ని స్పిరిట్‌తో తుడిచి, టేప్‌ని ఒకసారి ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పి, ఆడాసిటీలో 44100లో రెండు వైపులా ఆపకుండా ఎక్కించండి. పాట మధ్యలో అనౌన్సర్ మాటలు ఉన్నాయని అవి కోసెయ్యొద్దు, పాట ఎక్కడైనా దొరుకుతుంది, ఆ మాటలు మీ కేసెట్‌లో తప్ప ఇంకెక్కడా ఉండకపోవచ్చు.