గుండ్లకమ్మ గేటు సంగతి ఎక్కడ అడిగితే మేలు?

ప్రకాశం జిల్లా మద్దిపాడు మండలం మల్లవరం దగ్గర గుండ్లకమ్మ ప్రాజెక్టు గేటు ఒకటి 2022 ఆగస్టు చివర్లో కొట్టుకుపోయింది. 2023 డిసెంబరులో, మిచాంగ్ తుపాను రోజుల్లో, ఇంకోటి పోయింది. మొదటిది పోయాక మిగతా గేట్లను ఎవరు చూశారు, ఏమని రాశారు, మరమ్మతుకు డబ్బు అడిగారా, అడిగితే ఆ కాగితం ఎక్కడ ఆగింది? ఆయకట్టు రైతుకు కావలసింది ఈ జవాబులే. ఇవి తెలిసిన మనిషి ఏదో ఒక ఆఫీసులో ఉంటాడు. అతని చేత చెప్పించడానికి ఏ దారి పనికొస్తుందన్నదే లెక్క.

మనవాళ్లకు ముందు తోచేది అసెంబ్లీ. ఎమ్మెల్యేతో ప్రశ్న వేయించాలంటారు. నాకు దాని మీద పెద్ద ఆశ లేదు. జవాబు చెప్పేది మంత్రి. వివరం తెలిసిన ఇంజనీరు అక్కడ నోరు విప్పే పనే లేదు. అచ్చయిన జవాబులో "పరిశీలనలో ఉంది" అనో, "ప్రశ్న ఉత్పన్నం కాదు" అనో ఉంటే అంతటితో సరి. ఒక్క లాభం ఉంది. మంత్రి "ఫలానా పని చేస్తాం" అని సభలో నోరు జారినా అది హామీ కింద లెక్క. దాన్ని వెంటాడటానికి ప్రభుత్వ హామీల కమిటీ అని ఒకటుంది. మన ఎమ్మెల్యేలు దాని ఊసెత్తడం తక్కువే.

కమిటీ దగ్గర కథ వేరు. ప్రజా పద్దుల కమిటీని, అంటే పీఏసీని చూడండి. ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ నివేదిక సభ ముందుకొచ్చాక ఈ కమిటీ దాన్ని పట్టుకుని, మంత్రిని కాకుండా శాఖ కార్యదర్శిని, అధికారులను పిలుస్తుంది. ఫైళ్లు తెప్పించుకుంటుంది. పత్రిక వాళ్లుండరు, గ్యాలరీ ఉండదు కాబట్టి ఉపన్యాసాలూ తక్కువ. "ఎందుకు చేయలేదు?" అని అడిగి, వచ్చిన జవాబు మీద ఇంకో ప్రశ్న వేసి, మళ్లీ తవ్వే వీలు ఇక్కడే ఎక్కువ. లోక్‌సభ నియమాల ప్రకారం కమిటీ సాక్షి చేత ప్రమాణం కూడా చేయించవచ్చు. అయితే రెండు మెలికలున్నాయి. ఫలానా సాక్ష్యం అవసరమా కాదా అని పేచీ వస్తే స్పీకర్ మాటే చివరిది. రాజ్య భద్రతకో ప్రయోజనానికో చేటు అనుకుంటే ప్రభుత్వం పత్రం ఇవ్వనని చెప్పవచ్చు.

అమెరికాలో కాంగ్రెస్ సమన్లు పంపితే అందరూ వణుకుతారని మనకో భ్రమ. 2012లో అక్కడి ప్రతినిధుల సభ అటార్నీ జనరల్ ఎరిక్ హోల్డర్‌ను ధిక్కారం కింద తప్పుపట్టింది. కేసు నడపాల్సింది న్యాయశాఖ, ఆ శాఖకు పెద్ద హోల్డరే. కేసు పెట్టలేదు. సమన్లను లెక్క చేయని ట్రంప్ మాజీ సలహాదారులు పీటర్ నవారో, స్టీవ్ బ్యానన్ మాత్రం 2024లో చెరో నాలుగు నెలల శిక్షకు జైలుకెళ్లారు. అప్పటికి ప్రభుత్వం మారింది మరి.

మన పీఏసీ బలం కూడా ఎవరు కూర్చున్నారన్న దాన్ని బట్టే ఉంటుంది. ఛైర్మన్ పదవి ప్రతిపక్షానికి ఇవ్వడం ఆనవాయితీ. 2019లో టీడీపీ నుంచి పయ్యావుల కేశవ్‌కు అలాగే వచ్చింది. 2024 నవంబరులో పదకొండు మందే ఉన్న వైసీపీకి సభ్యుడిని గెలిపించుకునే ఓట్లు లేక పోలింగ్ బహిష్కరించింది. ఛైర్మన్ పదవి అధికార కూటమిలోని జనసేన ఎమ్మెల్యే పులపర్తి రామాంజనేయులుకు దక్కింది. తప్పెవరిదన్న తగవు పక్కన పెడదాం. సొంత ప్రభుత్వ అధికారిని సొంత పక్షం వాళ్లే గట్టిగా నిలదీయడం ఎంతవరకు జరుగుతుందో చెప్పనక్కర్లేదు. పైగా కాగ్ నివేదిక వచ్చి, వంతు వచ్చేసరికి అప్పటి ఈఈ, అంటే ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, రిటైరై మనవళ్లను ఆడించుకుంటుంటాడు.

సభ హక్కులకు భంగం కలిగిందంటూ ఇచ్చే సభా హక్కుల నోటీసు సంగతీ అంతే. 2021లో సర్వేపల్లి ఎమ్మెల్యే కాకాణి గోవర్ధన్‌రెడ్డి ఛైర్మన్‌గా ఉన్న సభా హక్కుల కమిటీ, అప్పటి రాష్ట్ర ఎన్నికల కమిషనర్‌కు నోటీసు ఇచ్చింది. మంత్రుల ఫిర్యాదు మీద కదిలిన నోటీసు అది. రైతు ప్రశ్నకు ఆ తలుపు తెరుచుకోదు.

అధికారులు కోర్టుకు భయపడతారు, నిజమే. నెల్లూరు జిల్లాలో ఒక రైతు భూమికి పరిహారం ఇమ్మని 2017లో చెప్పిన మాట అమలు కాలేదని, 2021 సెప్టెంబరులో హైకోర్టు కొందరు ఐఏఎస్‌లకు కోర్టు ధిక్కారం కింద జైలు, జరిమానా వేసింది. అప్పీలుకు వీలుగా శిక్షను కొన్నాళ్లు ఆపింది కూడా. కానీ అక్కడ అప్పటికే ఉత్తర్వు ఉంది, దాన్ని పాటించలేదు. గేటు ఎందుకు పోయిందో తెలుసుకోవడానికి ముందు ఉత్తర్వే లేదు కదా. అధికారులను ఊరికే బోనెక్కించవద్దని, అవసరమైతే ముందు వీడియోలో పిలవమని సుప్రీంకోర్టు 2024 జనవరిలో పద్ధతి కూడా పెట్టింది.

జడ్పీ సర్వసభ్య సమావేశంలో కేకలు ఎక్కువ. పై ఇంజనీరు ఎస్ఈ రాకుండా కింది డీఈని పంపాడని సగం పూట పోతుంది, మిగతా సగం "నోట్ చేసుకున్నాం సార్". అయినా సరైన శాఖ మనిషి జిల్లాలోనే ఎదురుగా దొరికే చోటు అదొక్కటే. నెల్లూరులో సోమశిల నీళ్ల మీద జరిగే ఐఏబీ (సాగునీటి సలహా మండలి) సమావేశం ఇంకాస్త నయం, అక్కడ టీఎంసీల్లో లెక్క చెప్పక తప్పదు.

ఇక సమాచార హక్కు. దీనికి "ఎందుకు" అని అడిగే బలం లేదు. ఆఫీసులో ఉన్న కాగితమే ఇస్తారు, కొత్తగా సంజాయిషీ రాసివ్వరు. అయినా నా ఓటు మొదట దీనికే.  అడిగిన కాగితం ఇవ్వకపోతే రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 వరకు జరిమానా అధికారి మీద పడవచ్చు. సమాచార కమిషన్‌కు మనుషులను పిలిపించి ప్రమాణం మీద చెప్పించే అధికారం కూడా ఉంది.

అందుకే గుండ్లకమ్మ విషయంలో నేనైతే ఇలా వెళతాను. జలవనరుల శాఖ ఈఈ ఆఫీసుకు పది రూపాయల ఫీజుతో దరఖాస్తు. "గేటు ఎందుకు పోయింది" అని రాయను. 2022 సెప్టెంబరు నుంచి 2023 నవంబరు వరకు గేట్ల తనిఖీ నివేదికల నకళ్లు, మరమ్మతుకు పైకి పంపిన అంచనాలు, వాటి మీద పైనుంచి వచ్చిన జవాబులు కావాలని రాస్తాను. ఆ కాగితాలు చేతికొచ్చాక జడ్పీటీసీకి ఒక సెట్టు, ఎమ్మెల్యేకు ఒక సెట్టు. తారీఖు, సంతకం ఉన్న కాగితం చూపించి అడిగితే "నోట్ చేసుకున్నాం" అనడం అంత సులువు కాదు. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే తర్వాత ముప్పై రోజుల్లోపు మొదటి అప్పీలు వేయాలి. చాలామంది విసిగిపోయి ఇక్కడే వదిలేస్తారు.