రాయగడ విచారణ యువజన కేంద్రం: ఏళ్లుగా అక్కడికి వెళ్తున్న నా మాట

పదో తరగతి నుంచి మా విచారణ (అంటే మా కతోలిక చర్చి పారిష్) యువజన కేంద్రానికి వెళ్తున్నాను. ఉద్యోగంలో చేరాక కూడా సాయంత్రాలు అక్కడే. ఒడిశాలోని రాయగడలో తెలుగు పిల్లలకి ఇంతకంటే పనికొచ్చే చోటు నేను చూడలేదు.

అన్నిటికంటే ముందు ఒడియా తరగతి గురించి చెప్పాలి. మా ఇళ్లల్లో తెలుగు, బజార్లో అన్నీ కలగలిపిన భాష. ఒడియా గడగడా మాట్లాడతాం, రాయమంటే మాత్రం చెయ్యి ఆగిపోతుంది. ఈ రాష్ట్రంలో సర్కారు కొలువుకి ఒడియా చదవడం, రాయడం వచ్చి తీరాలి. కేంద్రంలో ముందే కొలువులు సంపాదించిన అన్నయ్యలు చాపలు పరిచి మాచేత అక్షరాలు దిద్దించారు. పైసా తీసుకోలేదు. కువి మాట్లాడే కొండ ఊళ్ల పిల్లలు, మా వీధి హిందూ కుర్రాళ్లు కూడా ఆ చాపల మీదే కూర్చున్నారు. నీది ఏ గుడి అని ఎవరినీ అడగలేదు.

ఆట, చదువు, ప్రార్థన ఒకే కప్పు కింద ఉండే ఈ పద్ధతి పాతదే. 1841లో ఇటలీలోని తూరిన్‌లో, పని వెతుక్కుంటూ పట్నం చేరిన కుర్రాళ్లని డాన్ బోస్కో అనే కతోలిక ఫాదర్ ఇలాగే చేరదీశారు. మా దగ్గర కేరంబోర్డు, వాలీబాల్ ఉన్నాయి. కేరంబోర్డు ఎప్పుడూ ఖాళీ ఉండదు.

హాలు గోడకి చరిత్ర బోర్డు ఉంది. 1974లో బరంపురం మేత్రాసనం (ఒక బిషప్ కింద ఉండే చర్చిల ప్రాంతం) ఏర్పడటం, 2016లో దాన్నుంచి రాయగడ వేరుపడటం అందులో ఉన్నాయి. ఆ మార్పు మాకు నిజంగా కలిసొచ్చింది. అంతకుముందు యువజన సభ అంటే ఘాటీలు దిగి బరంపురం దాకా పోవాల్సొచ్చేది, ఆడపిల్లల్ని ఇళ్లల్లో పంపేవారు కాదు. కానీ బోర్డంతా ఫాదర్ల పేర్లు, తేదీలే. హాలు కట్టేటప్పుడు ఇటుకలు మోసిన అమ్మలు, రాత్రిబడి నడిపిన ఉపదేశి (ఊళ్లో మతబోధ చేసే పెద్ద) తాతగార్లు అందులో ఎక్కడా లేరు. వాళ్ల సంగతులు చెప్పగలిగిన ముసలివాళ్లు ఇంకా మన మధ్యే ఉన్నారు. ఇప్పుడే కూర్చోబెట్టి రాయించుకోవాలి, తెలుగులోనూ రాయాలి.

లోట్లూ ఉన్నాయి. వానాకాలంలో గ్రంథాలయం రేకులు కారి పుస్తకాలు తడుస్తాయి. ఆడపిల్లలకి దీపాలు పెట్టే వేళకే తలుపు మూసేస్తారు. వెనక సందులో లైటు వేయించి, తోడుకి ఒక పెద్దావిడని ఉంచితే వాళ్లూ మగపిల్లలతో సమానంగా చదువుకోగలరు. దీన్ని నేను చిన్న విషయంగా చూడలేను.

చేరాలనుకుంటే ఆదివారం పూజ అయ్యాక ఫాదర్ గారిని కలవండి. ఫారం, రుసుము ఏమీ లేవు, పేరు రాసుకుంటారంతే. ఒడియా తరగతికి నాలుగు గీతల నోటుబుక్కు తెచ్చుకోండి.