పాత బాస్ గిటార్‌ను బాగు చేయించడానికి చెన్నై, పుదుచ్చేరి, బెంగళూరు యాత్ర

ఆర్డరిచ్చి చేయించుకున్న పాత ఎలక్ట్రిక్ బాస్ గిటార్‌కు పూర్వపు రూపం తెప్పించాలంటే కొయ్యపని, విద్యుత్ పని, పూతపని తెలిసిన చేతులు మూడూ కావాలి. ఫ్రెట్లు (మెడ మీద అడ్డంగా బిగించే సన్నని లోహపు పట్టీలు) సరిచేసేవారు, వైరింగ్ చూసేవారు హైదరాబాదులో ఉన్నారు గానీ, పాత పెయింటు తీసి కొత్త పూత వేసే పనిని బాధ్యతగా భుజాన వేసుకునేవారు నాకు దొరకలేదు. అందుకే వాయిద్యాన్ని వెంటబెట్టుకుని మూడు ఊళ్లు తిరిగాను. ఎక్కడ ఏ పని నమ్మి అప్పగించవచ్చో, వాయిద్యంతో వెళ్లేవారు ఎక్కడ దిగితే సౌకర్యమో చెబితే ఇటువంటి పాత గిటార్లు ఇంట్లో ఉన్నవారికి ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

ఈ బాస్ మా మేనమామది. తెలుగు సినిమా పాటలు ఎక్కువగా మద్రాసులోనే రికార్డయిన రోజుల్లో ఆయన అక్కడి రికార్డింగ్ థియేటర్లలో వాయించేవారు. విదేశీ గిటార్ల మీద దిగుమతి సుంకం మోయలేనంతగా ఉన్న కాలమది. ఆయన వడపళని వైపు ఉన్న ఒక వడ్రంగికి కొలతలిచ్చి దీన్ని చేయించుకున్నారు. శరీరం టేకు, వేళ్లు ఆడే పలక రోజ్‌వుడ్. తీగ పొడవు మాత్రం 1951లో ఫెండర్ కంపెనీ తన ప్రెసిషన్ బాస్‌తో స్థిరపరచిన 34 అంగుళాలే. మెడలో ఇప్పటి గిటార్లలో ఉండే, బిగించి వదులు చేసి మెడ వంపును సరిచేసుకోగల ట్రస్ రాడ్ లేదు. ఒక ఇనుప పట్టీని లోపల పొదిగి మూసేశారు. తరువాతి కాలంలో ఎవరో ఒంటి మీద నల్ల ఎనామిల్ పెయింటు దట్టంగా పూశారు. తీగల కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే పికప్ నుంచి ధ్వని తెగి తెగి వచ్చేది, ఫ్రెట్లు తీగల కింద గుంటలు పడి ఉన్నాయి.

ప్రయాణం గురించి ముందు చెప్పాలి. విమానంలో చేతి సామానుగా అనుమతించే కొలత 55, 35, 25 సెంటీమీటర్లు. బాస్ గిటార్ పొడవే నాలుగడుగులకు దగ్గరగా ఉంటుంది కనుక అది సరుకు అరలోకి వెళ్లక తప్పదు. నాకు మనసొప్పలేదు. చార్మినార్ ఎక్స్‌ప్రెస్‌లో పై బెర్తు తీసుకుని, గట్టి పెట్టెను గోడవైపు పొడవునా ఆనించి, దాని పక్కన పడుకున్నాను. నాలుగు తీగలు కలిసి మెడను దాదాపు 75 నుంచి 80 కిలోల బరువుతో లాగుతుంటాయి. ప్రయాణానికి ముందు వాటిని పూర్తిగా విప్పకుండా రెండు మూడు స్వరాల మేర దించితే చాలు. పూర్తిగా విప్పేస్తే మెడ ఎదురువైపు వంగే ప్రమాదముంది.

చెన్నైలో ఎగ్మోర్ స్టేషన్ ఎదుటి కెన్నెట్ లేన్‌లో దిగాను. అక్కడి లాడ్జీలు పాతవి, గదులు ఇరుకు. కానీ రైలు దిగి పెట్టె మోసుకుంటూ నడిచి వెళ్లగల దూరంలో ఉండడం పెద్ద వెసులుబాటు. లిఫ్టు లేని చోట మొదటి అంతస్తు దాటి గది తీసుకోవద్దు. అక్కడి నుంచి అన్నాశాలై దగ్గరే. 1842 నుంచి నడుస్తున్న మ్యూసీ మ్యూజికల్ ఆ రోడ్డు మీదే ఉంది. పాత మద్రాసు సంగీత జీవితం మీద ఆసక్తి ఉన్నవారు ఒకసారి చూడవలసిన చోటు.

మరమ్మతు విషయంలో చెన్నై నాకు రెండు ముఖాలు చూపింది. మొదట వెళ్లిన దుకాణంలో వాయిద్యాన్ని పెట్టెలోంచి పూర్తిగా తీయకముందే ధర చెప్పారు. ఉన్న పెయింటును పైపైన రుద్ది, లప్పం పెట్టి, కార్లకు వాడే రంగు స్ప్రే చేసి రెండు రోజుల్లో ఇస్తామన్నారు. పని చౌకే. కానీ పాత పూత ఏమిటో తెలుసుకోకుండా దాని మీద కొత్త పూత వేస్తే రెండిటికీ పొసగక కొత్తది ముడతలు పడి లేచిపోవచ్చు. ఆ దుకాణం నుంచి మర్యాదగా సెలవు తీసుకున్నాను.

రెండవది సాలిగ్రామం వైపు ఒక చిన్న గది. స్టూడియోల యాంప్లిఫయర్లు బాగు చేస్తూ వయసు మీరిన మెకానిక్ అక్కడ పని చేస్తున్నారు. సినిమావాళ్ల మధ్య బతికినందువల్ల తెలుగు చక్కగా మాట్లాడతారు. ఆయన ఏదీ విప్పకుండా ముందు ప్లగ్గు పెట్టి విన్నారు, తరువాత మీటరు పెట్టి చూశారు. “పికప్ చావలేదు సార్, లోపల తీగ ఒకచోట తెగింది. కొత్తది కొనొద్దు, దీన్నే చుట్టిస్తా. మీ మామగారి సౌండు దీన్లోనే ఉంది” అన్నారు. జుట్టు కంటే సన్నని 42 గేజ్ రాగి తీగను అదే అయస్కాంతాల చుట్టూ వేల చుట్లు కొత్తగా చుట్టి, అరిగిన వాల్యూమ్ పాట్ మార్చి, గుయ్యిమనే హమ్ తగ్గడానికి లోపలి గుంతకు రాగి రేకు అతికించి, దాన్ని ఎర్త్‌కు కలిపారు. తీసిన పాత భాగాలను కాగితంలో పొట్లం కట్టి నా చేతికిచ్చారు. ఈ ఒక్క పని కోసమైనా చెన్నై వెళ్లవచ్చునని నా అభిప్రాయం.

అక్కడి నుంచి ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీదుగా పుదుచ్చేరి దాదాపు 150 కిలోమీటర్లు. బస్సులు తరచుగానే ఉన్నాయి గానీ పెట్టెను డిక్కీలో వేయమంటారు. నేను పక్క సీటుకు కూడా టికెట్టు కొన్నాను. బస శ్రీ అరవిందాశ్రమం వారి పార్క్ గెస్ట్ హౌస్‌లో. సముద్రానికి ఎదురుగా, శుభ్రంగా, నిశ్శబ్దంగా ఉంటుంది. రాత్రి గేటు వేసే వేళను, పొగ, మద్యం లేని నియమాన్ని పాటించగలవారికి అంతకన్నా మంచి చోటు అక్కర్లేదు. ఒక్క ఇబ్బంది ఏమిటంటే ఆ ఉప్పుగాలి వాయిద్యానికి మంచిది కాదు. కిటికీలు తెరిచి పడుకునేవారు పెట్టెను మాత్రం మూసే ఉంచాలి. వారాంతాల్లో ఊరంతా కిక్కిరిసి అద్దెలు పెరుగుతాయి కనుక సోమవారం దిగడం మేలు.

పుదుచ్చేరి పక్కన, పలు దేశాలవారు కలిసి ఉండేందుకు 1968లో మొదలైన ఆరోవిల్‌కూ, దాని చుట్టుపక్కల పల్లెలకూ చేతిపని కోరి వచ్చి స్థిరపడినవారు చాలామంది ఉన్నారు. వారిలో ఒకరి కొయ్య కార్ఖానాకు ఈ బాస్‌ను తీసుకెళ్లాను. యాత్ర మొత్తంలో నేను ఎక్కువసేపు నిలబడి చూసినది అక్కడే. ఆయన వెనకవైపు మూత విప్పి, పెయింటు చేరని ఒక మూలను వెతికి, దూది పుల్లను స్పిరిట్‌లో ముంచి అద్దారు. కాసేపటికి దూదికి తేనెరంగు అంటుకుంది. స్పిరిట్‌కు కరిగింది కనుక అది లక్కతో వేసిన ఫ్రెంచ్ పాలిష్ అని తేలింది. నైట్రోసెల్యులోజ్ లాకర్ అయి ఉంటే థిన్నర్‌కు కరిగేది, పాలియురెథేన్ అయితే దేనికీ కరిగేది కాదు. అంటే నల్ల ఎనామిల్ కింద మద్రాసు వడ్రంగి వేసిన అసలు పూత ఇంకా ఉంది.

ఎనామిల్ తీయడానికి ఆయన మంటగానీ, యంత్రంగానీ వాడలేదు. పాత పెయింటులో సీసం ఉండవచ్చునని, దాన్ని పొడిగా రుద్ది దుమ్ము లేపకూడదని చెప్పి, మందు పూసి మెత్తబడ్డాక ఉక్కు గీకుడు రేకుతో ఒక్కొక్క పొర లాగారు. కొయ్య బయటపడ్డ చోట టేకు రేఖలు కనిపించసాగాయి. మెడ వెనక ఎడమచేతి బొటనవేలు ఆడి ఆడి నునుపు తేరిన భాగాన్ని గరుకు కాగితం తాకనివ్వకుండా టేపు వేసి కాపాడారు. “ఇది రుద్దితే వాయించేవాళ్ల చేయి పోతుంది” అని ఆయన అన్న మాట పూర్తిగా నిజం. పాత వాయిద్యానికి పూత కొత్తగా వేయవచ్చు, కానీ అరుగుదలతో ఏర్పడిన ఆకారాన్ని ఎవరూ తిరిగి ఇవ్వలేరు.

టేకులో సహజంగా నూనె ఉంటుంది. దాని మీద నేరుగా కొన్ని పూతలు ఆరవు, పట్టవు. అందుకే ఎసిటోన్‌తో తుడిచి, అది ఆరిన వెంటనే మైనం తీసిన లక్కను పలుచగా అడ్డుపొరగా వేశారు. అంతవరకే తన పని అనీ, సముద్రపు తేమలో లాకర్ స్ప్రే చేయననీ నిజాయితీగా చెప్పారు. లాకర్ ఆరేటప్పుడు గాలిలోని తేమ దానిలో చిక్కుకుంటే తెల్లటి మసక కమ్ముతుంది. తనకు రాదగిన డబ్బును వదులుకుని పనిని మరో ఊరికి పంపిన మనిషి మీద నాకు గౌరవం పెరిగింది.

బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన ఉంది. జనవరి, ఫిబ్రవరి నెలల్లో గాలి పొడిగా ఉంటుంది, పూతపనికి అనువైన కాలం. మెజెస్టిక్ దగ్గరి లాడ్జీలు రాకపోకలకు దగ్గరే గానీ రాత్రంతా బస్సుల మోత. నేను మల్లేశ్వరంలో దిగాను, మళ్లీ వెళ్లినా అక్కడే దిగుతాను. ఇందిరానగర్ వైపున్న వర్క్‌షాపుకు ఊదా లైను మెట్రో ఉన్నా, వాయిద్యంతో ఆటోలోనే వెళ్లాను.

ఆ వర్క్‌షాపులో దుమ్ము చేరని స్ప్రే గది, తేమ చూపే మీటరు ఉన్నాయి. పని జాబితా, ధర, గడువు కాగితం మీద రాసి సంతకం చేసి ఇచ్చారు. ధర మిగతా రెండు చోట్ల కన్నా బాగా ఎక్కువ. కానీ అడగని పని చేయలేదు. పాత ఫ్రెట్లలో సగానికి పైగా ఇంకా ఎత్తు మిగిలి ఉందని కొలిచి చూపి, మొదటి అయిదింటిని మాత్రం మార్చి మిగతావాటిని సమం చేశారు. మెడలో రాడ్ కొత్తగా దూర్చుదామని ఒక కుర్రాడు సూచించగా, పెద్దాయన వద్దన్నారు. తీగ మొదటి, చివరి ఫ్రెట్ల దగ్గర నొక్కి పట్టి, ఏడవ ఫ్రెట్ మీద ఖాళీ 0.3 మిల్లీమీటర్ల చుట్టూ ఉందని రేకు గేజ్ పెట్టి నాకు చూపించారు. ఇన్నేళ్ల తరువాత కూడా మెడ సరిగ్గా నిలబడింది కనుక దాని జోలికి వెళ్లలేదు.

శరీరానికి నైట్రోసెల్యులోజ్ లాకర్ పలుచని పొరలుగా వేశారు. మెడ వెనక మాత్రం నూనె రాసి తుడిచారు. లాకర్ ముట్టుకుంటే ఆరినట్టే ఉంటుంది గానీ లోపల గట్టిపడటానికి వారాలు పడుతుంది. తొందరపడి మెరుగు పెడితే తరువాత కుంగి కొయ్య రంధ్రాలు మళ్లీ తేలుతాయి. అందువల్ల వాయిద్యాన్ని అక్కడే వదిలి రావాలి. రెండవ ప్రయాణపు ఖర్చు కూడా లెక్కలో వేసుకునే బయలుదేరాలి. తెచ్చుకునేటప్పుడు యశ్వంతపూర్ నుంచి కాచిగూడ వచ్చే వందే భారత్ ఎక్కాను. పైన సామాన్ల అర కోచ్ పొడవునా ఉంటుంది కనుక పెట్టె చక్కగా పట్టింది.

ఒకే ఊరికి వెళ్లగలిగేవారు బెంగళూరు ఎంచుకోవడం మంచిది. పికప్ పని మాత్రమే ఉంటే చెన్నై చాలు. పాత పెయింటు కింద ఏముందో తెలియని వాయిద్యమైతే మాత్రం పుదుచ్చేరి కార్ఖానా చూడనిదే ఎవరికీ అప్పగించవద్దు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తమిళ తీరంలో వానలు కనుక ఆ నెలల్లో ఈ దారి పెట్టుకోకూడదు. బెంగళూరువారు వానాకాలం గడిచాక ఒకసారి తెస్తే సెటప్‌ను, అంటే మెడ, తీగల అమరికను, ఉచితంగా సరిచూస్తామని బిల్లు మీదే రాసిచ్చారు. ఆ కాగితాన్ని గిటార్ పెట్టెలోనే దాచాను.