వచనానికి నాలుగు స్టార్లు, కవిత్వానికి రెండున్నర

ఏలూరు రోడ్డులో పుస్తకాల షాపులు దాటాక ఒక సందు, ఆ సందులో జిరాక్స్ మిషన్ల వెనక మూడు కంప్యూటర్లున్న డీటీపీ షాపు. పేరు రాయను. ఇందులో తిట్లు కూడా ఉన్నాయి, ఆ షాపుతో నాకింకా పనుంది. విజయవాడలో ఇలాంటివి చాలానే ఉన్నాయి కాబట్టి, ఏది ఎలా చూసుకోవాలో తెలిస్తే మీకు చాలు.

నేనూ, హనుమకొండలో ఉండే నా స్నేహితురాలూ, డాలస్‌లో ఉన్న మా అక్క కూతురూ కలిసి నెలకోసారి ఒక వెబ్ పత్రిక తెస్తున్నాం. నాలుగు కథలు, ఆరేడు కవితలు. ఒకటో తారీఖుకి వచ్చి తీరాలి, లేకపోతే ఫోన్లు మొదలవుతాయి. నెట్‌లో వచ్చే పత్రికకి డీటీపీ షాపేమిటని అందరూ నవ్వుతారు. మొదట్లో నేనూ నవ్వేదాన్నే. ఈమాట అనే వెబ్ పత్రిక 1998లోనే నెట్‌లో మొదలైంది కదా, ఇన్నేళ్లకి రాసేవాళ్లందరూ ఎవరి కథ వాళ్లే టైపు చేసి పంపుతారనుకున్నాను. పంపరు. చతుర, విపుల మాసపత్రికలు 2021లో ఆగిపోయాక, తెల్లకాగితం మీద ఒకవైపే రాసి, తిరుగు టపాకి స్టాంపులు జతచేసే అలవాటున్న పెద్దవాళ్లు కొందరు మా వైపు తిరిగారు. వాళ్ల కథలు కొరియర్‌లో వస్తాయి. లేదంటే మనవడి చేత ఫోటోలు తీయించి వాట్సాప్‌లో పంపుతారు. అందులో నాలుగో పేజీ తలకిందులుగా ఉంటుంది, ఏడో పేజీ ఉండనే ఉండదు. ఫోటోలోంచి అక్షరాలు లాగే యాప్‌లు అచ్చు పుస్తకమైతే ఫర్వాలేదు గానీ, ఎనభై ఏళ్ల చేతిరాత ముందు చాలాసార్లు చేతులెత్తేస్తాయి.

ఇంకో రకం, పాత పుస్తకం తాలూకు, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ఫైలు పంపేవాళ్లు. తెరిస్తే ఇంగ్లీషు అక్షరాల గందరగోళం. అను ఫాంట్లలో కొట్టిన ఫైలు కంప్యూటర్ లెక్కలో తెలుగు కాదు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తలకట్టొకటి, కొమ్మొకటి, వత్తొకటి బొమ్మలుగా పెట్టారంతే. ఆ ఫాంటు ఉన్నచోట తెలుగు, లేనిచోట పిచ్చి. నెట్‌లో పెట్టాలంటే, ప్రతి తెలుగు అక్షరానికీ సొంత స్థానమున్న యూనికోడ్‌లోకి మార్చాల్సిందే. మార్చినప్పుడు వత్తులు చోటు తప్పి పక్క అక్షరానికి తగులుకుంటాయి. ‘స్త్రీ’, ‘రాష్ట్రం’ లాంటి మాటలు కనబడ్డ ప్రతిచోటా ఆగి చూసుకోవాలి.

ఈ రెండు పనులకీ ఈ షాపు. చేతిరాత నుంచి కొడితే పేజీకి 30 రూపాయలు, అను ఫైలు మార్చి ఇస్తే 10. బేరం లేదు, రసీదూ లేదు. సోమవారం ఇస్తే బుధవారానికి మెయిల్ చేస్తారు. కాకపోతే మాఘం, ఫాల్గుణం వచ్చాయంటే శుభలేఖల ముందు సాహిత్యం నిలబడదు. ఎన్నికలప్పుడు సరేసరి. మూఢం వస్తే మాత్రం మనకి రాజభోగం, పొద్దున ఇచ్చింది సాయంత్రానికే చేతిలో ఉంటుంది. అందుకని నేను సంచికల ప్రణాళిక పంచాంగం చూసుకుని వేసుకుంటాను.

వచనం వీళ్లకి బాగా తెలుసు. ఇరవై పేజీల కథలో పది పన్నెండు తప్పులకి మించవు. అయితే ఓనరు గారిలో ఒక దిద్దుబాటు మాస్టారున్నాడు. మా స్నేహితురాలు పంపిన కథలో ‘వచ్చిండు’, ‘పోయిండు’ అన్నీ ‘వచ్చాడు’, ‘పోయాడు’ అయి తిరిగొచ్చాయి. ఇదేమిటండీ అంటే, “తప్పులు దిద్దానండీ, చార్జీ ఏం లేదు” అన్నాడు. కథలో ముసలామె కొడుకుతో దెబ్బలాడేచోట వార్తలు చదువుతున్నట్టు మాట్లాడుతోంది! హనుమకొండ నుంచి నాకు పడిన చీవాట్లు ఇక్కడ రాయలేను. అప్పట్నుంచి ప్రతి కథ మీదా ఎర్ర స్కెచ్ పెన్నుతో ‘ఉన్నది ఉన్నట్టు కొట్టండి’ అని రాసిస్తున్నాను. మళ్లీ జరగలేదు.

సున్న కథ ఇంకోటి. ఒక పాఠకుడు వంశధార ఒడ్డు కథ కోసం మా సైట్‌లో వెతికితే దొరకలేదన్నాడు. కథ అక్కడే ఉంది, కంటికి కనిపిస్తోంది. మా అక్క కూతురు రెండు గంటలు కూర్చుని పట్టుకుంది. ఆపరేటరమ్మాయి కొన్నిచోట్ల సున్నకి బదులు అంకెల్లో సున్నా కొట్టింది, కొన్నిచోట్ల ఇంగ్లీషు ఓ. చూడ్డానికి గుండ్రంగానే ఉంటాయి కదా! మనిషికి తేడా తెలియదు, వెతికే యంత్రానికి అది వంశధారే కాదు. సరే మార్చమంటే ఆ పిల్ల ఒక్క దెబ్బకి సున్నాలన్నిటినీ సున్నలుగా మార్చి పంపింది. దాంతో కథలో 2010 కాస్తా ‘2ం1ం’ అయి కూర్చుంది. కోపం రావాల్సిన చోట నవ్వొచ్చింది.

ఇక కవిత్వం. రెండున్నర ఎందుకో చెప్తాను. అవనిగడ్డ నుంచి ఒక పెద్దాయన నోటుబుక్కు కాగితాల మీద కవిత పంపారు. ఒక్కో పాదం రెండు మూడు మాటలు, మధ్యమధ్య ఖాళీలు. షాపు నుంచి వచ్చిన ఫైలు నేను ఫోన్‌లోనే చూశాను, అది నా తప్పు. ఫోన్‌లో పొడుగు లైన్లు వాటంతటవే విరిగి పాదాల్లా కనిపించాయి. ఒకటో తారీఖు పొద్దున ఆరున్నరకి ఆయన ఫోన్ చేసి, “అమ్మా, నా కవితని కథల్లో కలిపేశారేమిటి?” అన్నారు. కంప్యూటర్‌లో తెరిస్తే నలభై రెండు పాదాలు రెండు పేరాలయ్యాయి. పది నిమిషాల్లో సరిచేశాం, అచ్చు పత్రికకి లేని సుఖం అదొక్కటే. ఈలోపు ఎవరో స్క్రీన్‌షాట్ తీసి మూడు గ్రూపుల్లో తిప్పేశారు. షాపులో అడిగితే ఆ పిల్ల చాలా నిజాయితీగా, “లైన్లు సగంలో ఆగిపోతున్నాయి మేడం, మీకు పేజీలు పెరిగిపోతాయని కలిపాను” అంది. పేజీకి ముప్ఫై కదా మరి. నా డబ్బులు మిగల్చాలని చేసిన పని.

ఆ రోజు స్టూలు లాక్కుని ఆ అమ్మాయి పక్కన కూర్చున్నాను. కవితని పైకి చదివి, పాదం విరిగినచోట ఆగి, మళ్లీ చదివాను. రెండోసారికి నా కంటే ముందే ఎంటర్ కొట్టడం మొదలుపెట్టింది. పొల్లు సంగతీ అప్పుడే చెప్పాను. ‘పార్క్‌లో’ అని కొడితే ‘పార్క్లో’ అయిపోతుంది, క వత్తు పక్కన ల వత్తు దూరుతుంది. మధ్యలో కంటికి కనబడని అక్షరం ఒకటి పెట్టాలి. కుర్రాళ్ల కథల నిండా ఇవే, బస్‌స్టాప్‌లు, వాట్సాప్‌లు. ఆ అమ్మాయి దాన్ని ఒక కీకి కట్టేసుకుంది. ఇప్పుడు అను మీదా, అందులోని యాపిల్ అనే కీబోర్డు వరస మీదా పెరిగిన ఓనరు గారే ఆ పిల్లని అడిగి కొడుతున్నాడు.

కాబట్టి కథలైతే కాగితాలిచ్చి ఇంటికెళ్లిపోండి. కవితలైతే పక్కన కూర్చోండి, అదీ ఆ అమ్మాయి ఉన్నరోజే. మిగతా ఇద్దరు ఆపరేటర్ల దగ్గర కవిత పెట్టొద్దు. శుభలేఖల్లో పద్యం కొట్టినట్టు మధ్యకి జరిపి, చుట్టూ పువ్వులేస్తారు.

మొన్న మళ్లీ అవనిగడ్డ పెద్దాయన కవితే తీసుకెళ్లాను. సగం కొట్టి ఆగింది. “మేడం, ఇక్కడ ఒక లైను ఖాళీ వదిలారు. కావాలనే వదిలారా, మర్చిపోయారా?” అంది. నాకూ తెలియలేదు. ఆయనకి ఫోన్ చేశాం. కాగితం వెతుక్కోవడానికి కాసేపు పట్టింది. చూసుకుని, “పేజీ తిప్పేటప్పుడు వదిలేసి ఉంటానమ్మా, కలిపేయండి” అన్నారు.

ఫోన్‌పే ఉంది. బండి పెట్టుకోవడానికి చోటు లేదు, రోడ్డు మీదే వదిలి రావాలి. మధ్యాహ్నం రెండు నుంచి మూడున్నర దాకా షట్టరు సగం దించి ఉంటుంది గానీ, వంగి లోపలికి వెళితే ఏమీ అనరు.