టెక్సోమాలో స్ట్రైపర్ వేటకు 30 గ్యాలన్ల గుండ్రటి బెయిట్ ట్యాంక్: ఎవరికి పనికొస్తుంది, ఎలా వాడాలి

టెక్సస్, ఓక్లహోమా సరిహద్దులోని లేక్ టెక్సోమాలో ప్రాణమున్న షాడ్ (చిన్న ఎర చేప)తో స్ట్రైపర్ (చారల బాస్ చేప) పట్టాలనుకునేవాళ్లు కొత్త రాడ్ కన్నా ముందు కొనాల్సింది మంచి ఎర తొట్టె. 30 గ్యాలన్ల గుండ్రటి, ఇన్సులేషన్ ఉన్న ట్యాంక్ ఆ పనికి సరిగ్గా సరిపోతుంది. ఖరీదైనదే, బరువైనదే, చిన్న పడవకు పనికిరాదు కూడా. అయినా సొంత పడవ ఉండి, సీజన్ పొడుగునా వెళ్లేవాళ్లకు ఇంతగా కలిసొచ్చే ఖర్చు ఇంకోటి లేదు. గుంపుగా వేటాడే స్ట్రైపర్‌ను రెచ్చగొట్టేది పారిపోవాలని చూసే ఎర. ముక్కు కమిలి, పొలుసులు రాలి, పక్కకు వాలిపోయిన షాడ్‌ను ఎంత మంచి రాడ్‌తో దింపినా ఫలితం ఉండదు.

పడవతో పాటు వచ్చే లైవ్‌వెల్ (పట్టిన చేపను బతికించి ఉంచే తొట్టె) ఉండగా ఇదెందుకు అని చాలామంది అడుగుతారు. లైవ్‌వెల్‌ను తయారుచేసేది లార్జ్‌మౌత్ బాస్ లాంటి గట్టి చేపను గంటల తరబడి ఉంచడానికి. షాడ్ అలాంటిది కాదు. అది ఆగకుండా ఈదుతూనే ఉంటుంది, గుంపుతోనే కదులుతుంది. నలుపలకల తొట్టెలో మూలకు చేరిన గుంపుకు వెనక్కి తిరిగే చోటు ఉండదు. ముందున్నవి గోడకు మూతి కొట్టుకుంటాయి, వెనకవి వాటిని నెడతాయి. కాసేపటికి మూతులు ఎర్రబడతాయి, ఆ తర్వాత చావులు మొదలవుతాయి. గుండ్రటి తొట్టెలో మూల లేదు కాబట్టి గుంపు మొత్తం ఒకే వైపు తిరుగుతూ పోతుంది. కోడిగుడ్డు ఆకారం ట్యాంకులు కూడా బాగానే పనిచేస్తాయి, పడవలో కాస్త తక్కువ చోటు తీసుకుంటాయి. మూలలను కొద్దిగా గుండ్రం చేసిన చదరపు ట్యాంకుల జోలికి మాత్రం పోవద్దు.

30 గ్యాలన్లే ఎందుకో చూద్దాం. టెక్సోమాలో స్ట్రైపర్, హైబ్రిడ్ (స్ట్రైపర్, వైట్ బాస్‌ల సంకరం) రెండూ కలిపి రోజుకు మనిషికి 10 చేపలు ఉంచుకోవచ్చు, వాటిలో 20 అంగుళాలు, ఆ పైన ఉన్నవి రెండే ఉండాలి. ఇంత ఉదారమైన పరిమితికి కారణం ఉంది. 1944లో రెడ్ రివర్ మీద డెనిసన్ డ్యామ్ పూర్తయ్యాక ఏర్పడ్డ ఈ రిజర్వాయర్‌లో 1960ల నడుమ నుంచి స్ట్రైపర్ పిల్లలను వదిలారు. ఈ చేప గుడ్లు పారే నీళ్లలో తేలుతూ ఉంటేనే పిల్లలవుతాయి. రెడ్, వాషిటా నదులు రెండూ అందుకు కావలసినంత దూరం పారుతూ వచ్చి కలుస్తాయి కాబట్టి ఇక్కడ అవి సొంతంగానే పెరుగుతున్నాయి.  పడవలో ముగ్గురు ఉంటే పరిమితి 30 చేపలు. ఊడిపోయేవీ, చచ్చేవీ, చిన్న చేపలు కొరికేసేవీ కలుపుకుంటే 60 షాడ్ దాకా కావాలి. నాలుగైదు అంగుళాల షాడ్ అయితే గ్యాలన్‌కు రెండు లెక్క. 30 గ్యాలన్లు అలా వచ్చిన అంకె. పెద్ద చేప కోసం 8 అంగుళాల గిజార్డ్ షాడ్ (పెద్దగా పెరిగే షాడ్ జాతి) వేసేటట్టయితే రెండు గ్యాలన్లకు ఒకటి చొప్పున 15కి మించి పెట్టకండి. ట్యాంకులో ఇన్ని షాడ్ పడతాయని అమ్మేవాళ్లు చెప్పే సంఖ్యలు చల్లటి రోజుల్లో, కొద్దిసేపటికి నిజమేమో గానీ ఆగస్టులో కాదు.

ట్యాంక్ కొనేటప్పుడు నేను చూడమనేవి ఇవి. గోడ రెండు పొరలుగా ఉండి నడుమ ఫోమ్ నింపి ఉండాలి. మూత రబ్బరు అంచుతో గట్టిగా బిగుసుకోవాలి. నీళ్లు అంచు దాకా నింపి మూత వేస్తే పడవ ఎగిరినా లోపల అల లేవదు. సగం నింపిన ట్యాంకులో అలలు షాడ్‌ను గోడకేసి కొడతాయి, పొలుసులు రాలేది ఎక్కువగా అప్పుడే. లోపలి రంగు లేతగా ఉంటే చచ్చినది వెంటనే కనబడుతుంది. అడుగు నుంచి నీళ్లు లాగే గొట్టం నడిమధ్యలో ఉండాలి, ఎందుకంటే నీళ్లు గుండ్రంగా తిరిగినప్పుడు మలం, పొలుసులు అడుగున మధ్యకే చేరతాయి. పక్క గోడ నుంచి లాగే పంపు ఉన్న ట్యాంకులో ఆ చెత్త అక్కడే కుళ్లుతుంది.

పంపు విషయం ఇంకాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఫిర్యాదుల్లో సగం దీనివే. గంటకు 500 గ్యాలన్ల చుట్టుపక్కల తిప్పే 12 వోల్టుల పంపు ఈ సైజుకు చాలు. అంతకన్నా పెద్దది పెడితే ప్రవాహం వడిగా మారి షాడ్ అలసిపోతుంది. నీళ్లు చిమ్మే గొట్టాన్ని గోడకు ఏటవాలుగా తిప్పండి. నీళ్లు నెమ్మదిగా సుడి తిరగాలి, చేపలు దానికి ఎదురుగా సుఖంగా ఈదగలగాలి. పంపు సుమారు 3 ఆంపియర్లు తీసుకుంటుందనుకుంటే పది గంటలకు 30 ఆంపియర్ అవర్లు. ఇంజన్ స్టార్ట్ చేసే బ్యాటరీకే దీన్ని కలిపితే సాయంత్రం పడవ స్టార్ట్ కాదు. విడిగా డీప్ సైకిల్ బ్యాటరీ (చాలాసేపు నిలకడగా కరెంటు ఇచ్చేది) పెట్టి, మధ్యలో ఫ్యూజ్ వేయండి. పంపు నోటి జల్లెడకు పొలుసులు పేరుకుంటే ప్రవాహం పడిపోతుంది. చప్పుడు మామూలుగానే ఉంటుంది కాబట్టి ఎవరూ గమనించరు. వలతో షాడ్ పట్టిన మొదటి గంటలో రెండు మూడుసార్లు జల్లెడ తుడవాలి. ఫిల్టర్ దూది కూడా అంతే. ఒకటి వాడుతూ, ఇంకోటి కడిగి పక్కన ఉంచుకోండి.

షాడ్ పట్టిన తర్వాతి అరగంట చాలా కీలకం. వలలో పడ్డ భయానికి అవి కడుపులో ఉన్నదంతా వదిలేస్తాయి, జిగురు, పొలుసులు రాలుస్తాయి. నీళ్లు నురగెత్తి రంగు మారతాయి. అప్పుడు సగం నీళ్లు తీసేసి సరస్సు నీళ్లే మళ్లీ నింపాలి. ఈ ఒక్క పని చేసినవాళ్ల ట్యాంకులో మధ్యాహ్నం దాకా ఎర చురుగ్గా ఉంటుంది. చేయనివాళ్లు ట్యాంక్ బాగాలేదంటారు.

ఉప్పు: 10 గ్యాలన్లకు ఒక కప్పు కళ్లుప్పు, అంటే ఈ ట్యాంకుకు మూడు కప్పులు. అయొడిన్, గడ్డకట్టకుండా కలిపే రసాయనాలు లేని ఉప్పే వాడాలి. ఉప్పు వల్ల ఒత్తిడిలో ఉన్న చేప ఒంట్లోంచి లవణాలు పోకుండా ఉంటాయి, పొలుసు ఊడిన చోట పోయిన రక్షణకు కొంత ఆసరా దొరుకుతుంది. టెక్సోమా నీళ్లే ఉప్పగా ఉంటాయి కదా, వేయడం ఎందుకని కొందరు మానేస్తారు. రెడ్ రివర్ పైభాగంలోని ఉప్పు ఊటల వల్ల ఈ సరస్సు కాస్త ఉప్పగా ఉండే మాట నిజమే, కానీ తొట్టెకు కావలసిన మోతాదు ముందు అది చాలా తక్కువ. ఇంట్లో కుళాయి నీళ్లతో నింపుకుని వెళ్తే క్లోరిన్ విరుగుడు తప్పనిసరి. అంతకన్నా సరస్సు దగ్గరే నింపుకోవడం మేలు.

వేసవిలో ఇన్సులేషన్ విలువ తెలుస్తుంది. 68 ఫారెన్‌హీట్ దగ్గర లీటరు నీళ్లలో 9 మిల్లీగ్రాములకు పైగా ఆక్సిజన్ ఇముడుతుంది, 86 దగ్గర ఏడున్నరే. వేడి నీళ్లలో చేప ఆక్సిజన్ ఎక్కువ వాడుతుంది, అమోనియా విషం కూడా ఎక్కువగా పనిచేస్తుంది. గ్యాలన్ పాల డబ్బాల్లో నీళ్లు గడ్డకట్టించి, మూత తీయకుండా ఒక్కొక్కటే ట్యాంకులో వేయండి. మొత్తం మీద సరస్సు పైనీళ్ల కన్నా 10 డిగ్రీలకు మించి తగ్గించవద్దు, అదీ గంట వ్యవధిలో నెమ్మదిగా. ట్యాంకును 65కి దింపి మురిసిపోయేవాళ్లున్నారు. అక్కడి నుంచి తీసిన షాడ్‌ను 86 డిగ్రీల పైనీళ్లలో వేస్తే ఆ దెబ్బకే అది వెల్లకిలా పడిపోతుంది.

ఎర ఎలా ఉందో షాడ్‌ను చూస్తేనే తెలుస్తుంది. అన్నీ ఒకే వైపు, నీళ్ల నడిమి లోతులో తిరుగుతుంటే అంతా బాగున్నట్టే. పైకొచ్చి నోరు తెరిచి గుటకలు వేస్తుంటే గాలి చాలడం లేదు. పంపు, జల్లెడ చూడండి. గుంపు విడిపోయి ఒక్కొక్కటీ తోచిన వైపు పోతూ, మొప్పలు వేగంగా ఆడిస్తుంటే అమోనియా అనుకోవచ్చు. నీళ్లు మార్చడమే మందు. మూతులు ఎర్రబడుతుంటే సంఖ్య ఎక్కువైంది, లేదా సుడి వడి ఎక్కువైంది. చచ్చినదాన్ని చూసిన వెంటనే తీసేయాలి.

వల ఎంపిక తప్పయితే ట్యాంక్ ఏం చేయలేదు. టెక్సస్ నీళ్లలో విసురు వల వ్యాసం 14 అడుగులు దాటకూడదు, అంటే 7 అడుగుల వ్యాసార్ధం. నాలుగైదు అంగుళాల థ్రెడ్‌ఫిన్ (చిన్న షాడ్ జాతి)కు 3/8 అంగుళం కన్ను సరిపోతుంది. కన్ను మరీ పెద్దదైతే చేప మొప్పల దగ్గర ఇరుక్కుంటుంది, అది బతకదు. వలను పడవ నేల మీద కుమ్మరించకుండా నీళ్లున్న టబ్బులోకి వదలండి. అక్కడి నుంచి ముడులు లేని మెత్తటి చేతివలతో ట్యాంకులోకి. పొడి చేత్తో షాడ్‌ను పట్టుకోకూడదు.

ఇక గాలం. పడవ నిలిపి నిట్టనిలువుగా దింపేటప్పుడు 20 పౌండ్ల దారానికి ఔన్సు నుంచి రెండు ఔన్సుల గుడ్డు ఆకారపు సీసం, పూస, స్వివెల్ (దారం మెలిపడకుండా తిరిగే కొక్కెం), దాని కింద మూడడుగుల ఫ్లోరోకార్బన్ లీడర్ (హుక్ కట్టే చివరి దారం), చివర సర్కిల్ హుక్ (మొన లోపలికి వంగిన ముల్లు). నాలుగైదు అంగుళాల షాడ్‌కు 2/0, పెద్ద గిజార్డ్‌కు 5/0 దాకా. పడవ కదులుతుంటే రెండు ముక్కు రంధ్రాల గుండా గుచ్చండి, ఎర ముందుకు సాఫీగా వస్తుంది. నిలబడి ఉంటే వీపు రెక్కకు కొంచెం ముందు, పైపైన మాత్రమే గుచ్చాలి. ముల్లు లోతుగా దిగితే వెన్ను దెబ్బతిని ఈత ఆగిపోతుంది. హుక్ మొన ఎప్పుడూ బయటికే ఉండాలి. చేప ఎరను పట్టినప్పుడు రాడ్‌ను ఎగరేసి లాగొద్దు. రాడ్ హోల్డర్‌లోనే పూర్తిగా వంగనిచ్చి, అప్పుడు రీల్ తిప్పడం మొదలుపెడితే ముల్లు నోటి మూలలో తనే పట్టుకుంటుంది. సర్కిల్ హుక్‌తో చేపలు ఊడిపోతున్నాయనే మాట దాదాపు ఎప్పుడూ ఈ తొందర వల్లే.

లోతు తెలియడానికి లైన్ కౌంటర్ రీల్ (ఎంత దారం దిగిందో చూపేది) లేకపోతే, రీల్ నుంచి రాడ్ మీది మొదటి ఉంగరం దాకా ఎంత దారం వస్తుందో కొలిచిపెట్టుకుని, అలా ఎన్నిసార్లు లాగారో లెక్కపెట్టండి. సోనార్‌లో (నీళ్ల కింద చేపలను చూపే పరికరం) చేపలు 30 అడుగుల దగ్గర కనబడితే ఎరను 26, 27 దగ్గర ఆపండి. స్ట్రైపర్ పైకి చూసి వేటాడుతుంది, కిందికి దిగి తినడం అరుదు. వేసవి నడిమిలో ఇంకో సంగతి ఉంది. థర్మోక్లైన్ (పైన వెచ్చటి నీళ్లు, కింద చల్లటి నీళ్లు విడిపోయే పొర) కింద ఆక్సిజన్ దాదాపు ఉండదు. సోనార్‌లో అది పలచటి మసక గీతలా కనబడుతుంది. ఆ గీత కిందికి దింపిన షాడ్ నిమిషాల్లో చస్తుంది, పైకి తీసినవాళ్లు ట్యాంకును తిడతారు. ఆ రోజుల్లో లోతు నుంచి తీసిన స్ట్రైపర్‌ను వదిలినా బతికేది తక్కువ. కాబట్టి పట్టినవి ఉంచుకుని, పరిమితి నిండగానే ఆపేయడమే న్యాయం.

నచ్చనివి: నింపితే నీళ్ల బరువే 250 పౌండ్లు, ట్యాంకుతో కలిపి 300 దగ్గరికి వస్తుంది. పడవ నడిమధ్య గీత మీద, కాస్త వెనక వైపు పెట్టి పట్టీలతో కట్టేయాలి. 18 అడుగుల లోపు పడవకు ఇది బరువే, 15 గ్యాలన్లది తీసుకుని ఎర తగ్గించుకోండి. కొన్ని ట్యాంకుల మూత అతుకులు ప్లాస్టిక్‌వి, ఎండకు విరుగుతాయి. స్టీలువి ఉన్నది ఎంచుకోండి. గట్టు మీద నుంచి పట్టేవాళ్లకూ, ఏడాదికి రెండుసార్లు వెళ్లేవాళ్లకూ ఇది దండగ. వాళ్లు గైడ్‌ను మాట్లాడుకుంటే ఎర, రాడ్లు, ట్యాంక్ అన్నీ అతనివే. సొంతంగా వెళ్లేవాళ్లు ఓక్లహోమా వైపు కూడా వల వేసేటట్టయితే రెండు వైపులా చెల్లే లేక్ టెక్సోమా లైసెన్స్ తీసుకోవాలి, అక్కడి వల నియమాలు విడిగా చూసుకోవాలి.

చివరి పని ర్యాంప్ (పడవను నీళ్లలోకి దించే వాలు) దగ్గర. 2009లో ఈ సరస్సులో జీబ్రా మసెల్స్ (పడవలతో, నీళ్లతో వేరే చెరువులకు పాకే చిన్న ఆల్చిప్పలు) బయటపడ్డాయి. టెక్సస్‌లో పడవ బయటికి వెళ్లే ముందు లైవ్‌వెల్, బెయిట్ ట్యాంక్, బకెట్లు అన్నీ పూర్తిగా ఖాళీ చేయాలని చట్టం. ఇక్కడ పట్టిన షాడ్‌ను ఇక్కడి నీళ్లతో ఇంకో చెరువుకు తీసుకెళ్లడం కుదరదు. అడుగున డ్రెయిన్ ప్లగ్ పెద్దదిగా, చేతికి అందేలా ఉన్న ట్యాంక్‌నే ఎంచుకోమనడానికి ఇదే కారణం. ఒకటిన్నర అంగుళాల ప్లగ్ ఉంటే ర్యాంప్ మీదే ఖాళీ అయిపోతుంది, అర అంగుళం ప్లగ్ అయితే వెనక వరుసలో ఉన్నవాళ్లంతా ఎదురుచూడాలి. ఇంటికొచ్చాక సబ్బు వాడకుండా మంచినీళ్లతో కడిగి, మూత తెరిచి పూర్తిగా ఆరబెట్టండి. పంపు జల్లెడ విప్పి విడిగా కడగండి, ఎండిన పొలుసులు తర్వాత గోకినా రావు.