చలికాలంలో గోదాం గచ్చు: నీళ్లు నిలపాలా, గోనెలు పరవాలా, కాంపౌండ్ కొట్టాలా?

జడ్చర్లలో మా బావ గోదాం కడుతున్నాడు, పదివేల చదరపు అడుగులు. షెడ్డు లేచింది, ఇక గచ్చు వేయాలి, అదీ ఈ డిసెంబరు చలిలో. మొన్న రాత్రి ఫోన్ చేసి "క్యూరింగ్ కాంపౌండ్ కొట్టేస్తే నీళ్ల గొడవే ఉండదంటున్నారు, ఎండ కూడా లేదు కదా, ఏం చేద్దాం బావా?" అన్నాడు. క్యూరింగ్ అంటే కాంక్రీట్ గట్టిపడే రోజుల్లో దాన్ని తేమగా ఉంచడం, కాంపౌండ్ అంటే ఆ తేమ పోకుండా పైన కొట్టే మైనం లాంటి ద్రవం. గంట మాట్లాడినా తెగలేదు. మన నల్గొండ, పాలమూరు వైపు ఈ రెండు నెలల్లో కాంక్రీట్ పోయించే వాళ్లు ఇంకా చాలామంది ఉంటారు కాబట్టి ఆయనకు చెప్పిందే ఇక్కడ రాస్తున్నా.

మిర్యాలగూడలో మా మిల్లు మొదటి గోదాముకి కూడా చలికాలంలోనే గచ్చు వేశాం. వానాకాలం వడ్ల హడావుడి తగ్గాక, యాసంగి వడ్లు వచ్చేలోపు ముగించాలని. కాంట్రాక్టర్ "ట్రిమిక్స్ గచ్చు సార్, ఎక్కువ నీళ్లు మిషనే లాగేస్తుంది, పైగా ఇంత చల్లగా ఉంది, మూడు రోజులు పైపు కొడితే చాలు" అన్నాడు, మేం నమ్మాం. ఏప్రిల్లో బస్తాలు దింపుతుంటే ట్రాలీ చక్రం పోయిన చోటల్లా తెల్లటి పొడి. ఊడ్చిన కొద్దీ వస్తూనే ఉంది. తినే గింజ నిలవ చేసే చోట సిమెంటు దుమ్ము లేస్తే ఎంత టెన్షనో మిల్లు నడిపే వాళ్లకు తెలుసు. చివరికి పైపొర గీకించి, గచ్చును గట్టిచేసే లిక్విడ్ హార్డ్‌నర్ పూయించాల్సి వచ్చింది. ట్రిమిక్స్‌లో మిషను లాగేది కలిపేటప్పుడు ఎక్కువైన నీళ్లను మాత్రమే. ఆ తర్వాత సిమెంటు గట్టిపడటానికి కావలసిన తేమ మనం నిలపాల్సిందే.

చల్లగా ఉంటే నీళ్లు అక్కర్లేదనే మాట మన దగ్గర బాగా పాతుకుపోయింది, నాకు అన్నిటికంటే బాధ కలిగించేది అదే. చలిలో సిమెంటు నెమ్మదిగా గట్టిపడుతుంది, అంటే తేమ ఇంకా ఎక్కువ రోజులు కావాలి. ఇక మన చలికాలపు గాలి పొడిగాలి. గచ్చు ఆలస్యంగా బిగుస్తుంది, బిగిసేదాకా ఆ గాలి పైన తేమను లాగుతూనే ఉంటుంది, అందుకే గోడలు లేని షెడ్లలో మర్నాటికే సన్నటి నెర్రెలు కనిపిస్తాయి. షెడ్డు పక్కలు ముందు పట్టాలతో మూసి అప్పుడు పోయండి. మనం వాడేది ఎక్కువగా ఫ్లైయాష్ (బొగ్గు బూడిద) కలిసిన పీపీసీ సిమెంటు, అది చలిలో మరీ నిదానం. కాంక్రీట్‌కి మన దేశపు కోడ్ ఐఎస్ 456 ప్రకారం ఏమీ కలపని ఓపీసీ సిమెంటుకి కనీసం 7 రోజులు, కలిపిన సిమెంట్లకు కనీసం 10, వీలైతే 14 రోజులకు పెంచమని సూచన. ఇంకో మాట, రెడీమిక్స్ వాళ్లు చూపించే 7 రోజుల క్యూబ్ రిపోర్టు (కాంక్రీట్ దిమ్మల బలం పరీక్ష) చూసి నీళ్లు ఆపకండి. ఆ క్యూబులు ల్యాబ్ తొట్టిలో 27 డిగ్రీల దగ్గర నానతాయి, మన గచ్చు రాత్రిపూట 15కి అటూ ఇటూ చలిలో పడి ఉంటుంది.

చలిదేశాల వీడియోల్లో కాంక్రీట్‌కి మందపాటి దుప్పట్లు కప్పి హీటర్లు పెడతారు. అది గడ్డకట్టే చలి సంగతి. కాంక్రీట్‌కి 3.5 ఎంపీఏ (బలం కొలిచే యూనిట్) బలమైనా రాకముందే లోపలి నీళ్లు గడ్డకడితే అది పాడవుతుంది. మన కోడ్‌లో చలి జాగ్రత్తలు మొదలయ్యేది 5 డిగ్రీల కింద. మనకు ఆ ఖర్చు వద్దు.

ఇక అసలు పోలిక. కట్టలు కట్టి నీళ్లు నిలపడం పైకప్పు స్లాబుకి చాలా మంచిది, అక్కడ నేను ఇంకోటి చెప్పను. గోదాం గచ్చుకి మాత్రం ఇబ్బందే. పదివేల అడుగులకి రెండంగుళాల నీళ్లంటే దాదాపు 47 వేల లీటర్లు, 5 వేల ట్యాంకర్లు తొమ్మిదికి పైనే, ఆవిరై పోయేది అదనం. గచ్చుకి తలుపు వైపు వాలు ఉంటుంది కాబట్టి ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క పొడి. మట్టి కట్టలు పెడితే నునుపు చేసిన గచ్చు మీద ఎర్రటి మరకలు. గ్రూవ్ కటింగ్ (గచ్చు అడ్డదిడ్డంగా పగలకుండా మిషనుతో సన్నటి సందులు కోయడం) అయ్యేదాకా నీళ్లు నిలపలేరు, అయ్యాక నిలిపితే ఆ సందుల్లోంచి కింద మట్టిలోకి దిగుతాయి.

కాంపౌండ్ తేలిక, పదివేల అడుగులకి సుమారు 200 లీటర్ల డ్రమ్ము ఒకటి. కానీ అది ఉన్న తేమను పోకుండా ఆపుతుందే తప్ప కొత్తగా తేమ ఇవ్వదు. పైన నీటి మెరుపు పోగానే కొట్టాలి, పొర ఎక్కడా తెగకూడదు, మర్నాడు గ్రూవ్ కట్టర్ దాని మీదనే తిరుగుతుంది. బావ ప్యాకింగ్ భాగంలో ఎపాక్సీ పూత వేస్తానంటున్నాడు, కాంపౌండ్ మైనం పొర గీకి తీయకపోతే ఎపాక్సీ పట్టదు. పిల్లర్లకు, నిలువు గోడలకు, నీళ్లు దొరకని చోటికి మాత్రం కాంపౌండే కొట్టించుకోండి.

గచ్చుకి నా మాట తడి గోనెలు, వాటి మీద పాలిథిన్ షీట్. షీట్ ఒక్కటే పరిస్తే గాలికి లేస్తుంది, గచ్చు మీద రంగు మచ్చలు వస్తాయి. కింద తడి గోనె ఉంటే తేమ అంతటా ఒకేలా ఉంటుంది, షీట్ వల్ల ఆరదు, రాత్రి చలికి గచ్చులో పుట్టిన వేడి కూడా కొంత నిలుస్తుంది. రోజుకి రెండుసార్లు షీట్ ఎత్తి చూసి తడిపితే చాలు. గోనెలు జనపనారవే కావాలి, ఈ ప్లాస్టిక్ సంచులు నీళ్లు పీల్చవు. చక్కెర, బెల్లం నింపిన గోనెలు వద్దు, తీపి తగిలితే పైపొర సరిగ్గా గట్టిపడదు. యూరియా, ఎరువుల సంచులూ వద్దు. కొత్తవైనా ఒకసారి ఉతికి పరవండి. కట్టర్ అంచు దగ్గర కంకర ఊడకుండా తెగుతుంటే గ్రూవ్‌కి సమయం అయినట్టే, చలిలో అది వేసవి కంటే ఆలస్యంగా వస్తుంది. అంతవరకు షీట్ మాత్రం కప్పి ఉంచి, కోశాక గోనెలు పరవాలి. తొట్టిలో రాత్రంతా చల్లబడిన నీళ్లు పొద్దున్నే పోయొద్దు, బోరు నీళ్లు నేరుగా పట్టండి.

నల్గొండ వైపు ఫ్లోరైడ్ నీళ్లు పనికొస్తాయా అని చాలామంది అడుగుతారు. ఐఎస్ 456 పట్టికలో ఫ్లోరైడ్‌కి హద్దే లేదు. చూడాల్సింది క్లోరైడ్, సల్ఫేట్, పీహెచ్ 6 కంటే తగ్గకుండా ఉండటం. బోరు ఉప్పగా ఉంటే ఒకసారి పరీక్ష చేయించండి.

బావకి ఇదంతా చెప్పాను, ఒప్పుకున్నాడు. సోమవారం మొదటి పట్టీ పోస్తున్నారు. విప్పిన గోనె ఒకటి ఒక చదరపు మీటరు దాకా కప్పుతుంది, అంచులు ఒకదాని మీద ఒకటి ఎక్కాలి కాబట్టి మొత్తానికి పదకొండు, పన్నెండు వందలు కావాలి. మా మిల్లులో పాత వడ్ల గోనెలు ఉన్నాయి, ఉతికించి ఆదివారం వ్యాన్‌లో పంపిస్తున్నా.