వెదర్ ఛానల్ యాప్ ఏళ్ళ తరబడి వాడాక, క్లైమేట్ మీద వాళ్ళ మాట గురించి

విడ్జెట్ ఎలా ఉంది, రాడార్ ఎంత బావుంది అని చెప్పే రివ్యూలు బోలెడున్నాయి కాబట్టి వాటి జోలికి పోను. వాతావరణ వార్తలిచ్చే అమెరికా టీవీ ఛానల్ పేరుతో నడిచే ఈ యాప్‌ని ఇన్నేళ్ళూ నేను వదలకపోవడానికి పెద్ద కారణం ఒకటే, భూమి వేడెక్కుతోంది, అందుకు ముఖ్య కారణం మనుషులే అని వీళ్ళు నీళ్ళు నమలకుండా చెప్తారు.

వెదర్ వ్యాపారంలో ఇది చిన్న విషయం కాదండీ. 1982లో ఈ ఛానల్ మొదలుపెట్టినవాళ్ళలో ఒకరైన జాన్ కోల్‌మన్ ఏడాది తిరిగేసరికి బయటికి వచ్చేశారు, తర్వాత 2007లో గ్లోబల్ వార్మింగ్ అనేది చరిత్రలోకెల్లా పెద్ద మోసం అని రాశారు, అయినా టీవీల్లో ఆయన్ని వెదర్ ఛానల్ ఫౌండర్ అనే పరిచయం చేసేవాళ్ళు, దాంతో కంపెనీ మాట కూడా అదేనేమో అనుకునే ప్రమాదం ఉండేది. 2014లో కంపెనీ తన వైఖరిని విడిగా రాసి పెట్టింది. 2016 డిసెంబర్‌లో బ్రైట్‌బార్ట్ అనే అమెరికన్ వార్తల వెబ్‌సైట్ వాళ్ళు వీళ్ళ వీడియో ముక్కని పెట్టుకుని భూమి చల్లబడుతోందన్నట్టు రాస్తే, పేరు పెట్టి మరీ జవాబిచ్చారు, భూమి చల్లబడట్లేదు, మా వీడియోతో జనాన్ని తప్పుదోవ పట్టించకండి అని. అప్పుడు కంపెనీ ఐబీఎం చేతిలో ఉంది, 2024లో ఫ్రాన్సిస్కో పార్ట్‌నర్స్ అనే పెట్టుబడి సంస్థ చేతికి వెళ్ళింది. 2008లో ఎన్‌బీసీ వాళ్ళు కొన్న కొన్ని నెలలకే ఫోర్‌కాస్ట్ ఎర్త్ అనే క్లైమేట్ ప్రోగ్రామ్ టీమ్ మొత్తాన్ని తీసేశారు, అది మాత్రం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

మధ్యలో కొన్నాళ్ళు ఇంకో యాప్‌కి మారి చూశా. వడగాడ్పుల మీద ఇంత పొడుగు వార్త రాస్తారు, నీళ్ళు తాగండి నీడలో ఉండండి అంటారు, ఎందుకిలా మళ్ళీ మళ్ళీ వస్తోందో ఒక్క ముక్క ఉండదు. వదిలేశా.

"రేపు వానొస్తుందో లేదో సరిగ్గా చెప్పలేనోళ్ళు యాభై ఏళ్ళ తర్వాత సంగతి చెప్తారా" అని ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. రెండూ వేరే లెక్కలండీ. రేపటి వాన ఇవాళ్టి గాలి, తేమ, పీడనం మీద ఆధారపడుతుంది, వాటిని కొలవడంలో చిన్న తేడా వచ్చినా రోజులు గడిచేకొద్దీ అది పెద్దదవుతుంది. క్లైమేట్ అంటే లోపలికి ఎంత వేడి వస్తోంది, బయటికి ఎంత పోతోంది అన్న లెక్క. బయటికి పోయే వేడిని పట్టి ఉంచే కార్బన్ డయాక్సైడ్ పరిశ్రమలు రాకముందు గాలిలో 280 పీపీఎం (పది లక్షల్లో 280 వంతులు), ఇప్పుడు 420 దాటింది. ఈ వేడెక్కడమంతా సూర్యుడి వల్లే అయితే వాతావరణంలో పై పొర అయిన స్ట్రాటోస్ఫియర్ కూడా వేడెక్కాలి కదా, అది చల్లబడుతోంది. నన్ను బాగా ఒప్పించింది ఈ ఒక్క పాయింటే.

ఇక ఏ వెదర్ యాప్ వాడేవాళ్ళైనా గమనించాల్సింది ఒకటుంది. ఇవాళ్టి హై, అంటే గరిష్ఠ ఉష్ణోగ్రత పక్కన యావరేజ్ అని ఒక నంబర్ కనిపిస్తుంది చూడండి, అమెరికాలో ఆ నంబర్లు మామూలుగా నోవా (అక్కడి ప్రభుత్వ వాతావరణ, సముద్ర సంస్థ) ఇచ్చే 30 ఏళ్ళ సగటు నుంచి వస్తాయి. పదేళ్ళకోసారి దాన్ని మారుస్తారు, 2021 మేలో 1981-2010 పోయి 1991-2020 వచ్చింది. కొత్త సగటు చాలా చోట్ల పాతదానికన్నా ఎక్కువే, అంటే నిన్నటిదాకా సాధారణం కన్నా ఎక్కువ అని చూపించిన ఎండే మర్నాడు దాదాపు సాధారణం అయిపోతుంది! ఇందులో మోసం ఏమీ లేదు, పద్ధతే అంత, కానీ వేడెక్కిన సంగతి అందులో దాక్కుంటుంది. 2023లో అమెరికాలోని ఫీనిక్స్ నగరంలో వరుసగా 31 రోజులు 110 ఫారెన్‌హీట్ (దాదాపు 43 సెల్సియస్) లేదా అంతకన్నా ఎక్కువ కాసింది, అలాంటివి సరే ఎవరికైనా కనిపిస్తాయి, ఏటా కొంచెం కొంచెం పెరిగేదే ఎవరి కంటా పడదు.

అందుకే నా కోరిక ఏంటంటే, వైఖరి ఒక పేజీలో రాసి ఊరుకోకుండా ఆ యావరేజ్ పక్కనే 1951-1980 సగటు కూడా వెయ్యాలి, జనం రోజూ చూసేది ఆ స్క్రీనే గానీ ప్రకటనలు కాదు కదా. క్లైమేట్ సెంట్రల్ అనే అమెరికన్ పరిశోధన సంస్థ వాళ్ళు 2022 నుంచి క్లైమేట్ షిఫ్ట్ ఇండెక్స్ అని ఇస్తున్నారు, ఇవాళ్టి వేడిలో క్లైమేట్ మార్పు పాత్ర ఎంతో రంగులేసి చూపిస్తుంది. అలాంటిది యాప్‌లోకే వచ్చేదాకా ఫోర్‌కాస్ట్ ఇక్కడ, అది పక్క ట్యాబ్‌లో పెట్టుకుని చూస్తున్నా, మీరూ చూడండి.